మావయ్యగారి ఉంగరం తెల్లబోయింది

మావయ్యగారికి డిజిటల్ థర్మామీటర్ మీద నమ్మకం లేదు. "కూత పెట్టడానికి అదేమన్నా కుక్కరా?" అంటారు. అందుకే ఒంగోలు నుంచి బెంగళూరు మారతహళ్లిలో మా ఇంటికి వచ్చినప్పుడల్లా పాత పాదరసం థర్మామీటర్ని పంచెల మడతల్లో పెట్టుకుని తెస్తారు. మొన్న మావాడికి ఒళ్లు వెచ్చబడిందని దాన్ని బయటికి తీసి, పాదరసం దిగాలని గట్టిగా విదిలించారు. అది డైనింగ్ టేబుల్ అంచుకి తగిలి రెండు ముక్కలైంది.

నేలంతా వెండి పూసలు. అత్తయ్యగారు చీపురు పట్టుకొచ్చేశారు. "చీపురు వద్దండీ, ఇంకా చిన్న పూసలై మూలమూలలకీ పోతాయి, ఆ ఆవిరంతా మనమే పీల్చాల్సి వస్తుంది" అని మొత్తుకుంటూ నేను ఫ్యాన్ ఆపి, కిటికీలు తెరిచి, పిల్లాణ్ణి పక్కింటికి తరిమాను. ఈలోగా మావయ్యగారు ఓ పెద్ద పూసని అరచేతిలో దొర్లిస్తున్నారు. "స్కూల్లో దీంతోనే ఆడుకున్నాం. నాకేమైంది?"

ఆయనకేం కాలేదు. ఉంగరం తెల్లబడింది.

బంగారానికి పాదరసం తగిలితే ఇట్టే పట్టేస్తుంది. ఈ సంగతి చెప్పేలోపే ఆయన ఉంగరాన్ని వెలుతురులో పెట్టి చూసి, "ఇన్నేళ్లకి బయటపడిందే మీ నాన్న పెట్టిన బంగారం!" అనేశారు. అత్తయ్యగారు చీపురు కింద పడేశారు. ఇక పాదరసాన్ని పట్టించుకునే నాథుడు లేడు, నేను తప్ప.

గ్లవ్స్ తొడుక్కుని, టార్చి ఏటవాలుగా వేస్తే పూసలు మెరిశాయి. శుభలేఖ అట్టతో ఒకచోటికి నెట్టి, డ్రాపర్‌తో పీల్చి, ఆవకాయ సీసాలో వేసి మూత బిగించాను. చిన్నవాటిని టేపుకి అంటించి, గాజు ముక్కలతో సహా అందులోనే పడేశాను. సింకులో మాత్రం పోయకూడదు. ఉంగరాన్ని జిప్ కవర్లో పెట్టాను. కంసాలి దగ్గర కాల్పిస్తే పోతుందని మావయ్యగారు బయల్దేరబోతే ఆపాల్సి వచ్చింది. కాలిస్తే ఆ పొగంతా ఆ కంసాలి పీలుస్తాడు పాపం.

విరిగిన పాదరసం థర్మామీటర్‌ని ఇంటి ప్రమాదకర చెత్త కింద విడిగా ఇవ్వాలని 2016 నాటి నిబంధనల్లో పేరుపెట్టి మరీ రాశారు. పొద్దున్నే చెత్త ఆటో అతను సీసా అందుకుని, లేబుల్ చూసి "ఉప్పినకాయినా?" (ఊరగాయా?) అని మొహం వెలిగించాడు. నా వచ్చీరాని కన్నడలో సంగతి చెప్పేసరికి దాన్ని చేయిచాచి దూరంగా పట్టుకుని, విడి సంచిలో పెట్టాడు.

ఇంట్లో గొడవ మాత్రం తేలలేదు. అత్తయ్యగారు వాళ్లన్నయ్యకి ఫోన్ చేసి, పెళ్లినాటి బంగారం కొట్టు రసీదు వాట్సాప్‌లో తెప్పించారు. మావయ్యగారు కళ్లజోడు పెట్టుకుని అక్షరం అక్షరం చదివారు.

"ఇందులో రాయి ఖరీదు కూడా కలిపారే. ఉంగరానికి రాయేదీ?"