చెవి తెగిన పెయింట్ డబ్బా గారికి

మహారాజశ్రీ ఇరవై లీటర్ల ఖాళీ పెయింట్ డబ్బా గారి సముఖానికి,

బెజవాడ సత్యనారాయణపురంలో మూడో అంతస్తు వాటాలో అద్దెకు ఉంటున్న మిద్దెతోట భక్తురాలు నమస్కరించి రాసుకునేది ఏమనగా: ఉభయకుశలోపరి. ఉభయుల్లో తమరికి ఒక చెవి లేదు, నాకు వీధిలో పరువు లేదు. మిగతా అంతా కుశలమే.

నిన్న సాయంత్రం నాలుగున్నరకు జరిగినది తమరికి తెలుసు, నాకు తెలుసు, కింది వాటాలో ఉండే ఇంటి ఓనరు పిన్నిగారికి తెలుసు. వాసనను బట్టి వీధి మొగలో ఇస్త్రీ బండి ఆయనకూ తెలిసిందట. అందుచేత మళ్లీ చెప్పకూడదనే కూర్చున్నాను. కలం ఊరుకోవడం లేదు.

తమరి కడుపులో నిన్న ఉన్నది మామూలు నీళ్లు కాదు, మొక్కలకు పోసే జీవామృతం. 200 లీటర్ల నీటికి 10 కిలోల ఆవుపేడ, 10 లీటర్ల పంచితం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పుల పిండి, గుప్పెడు గట్టు మట్టి అని ప్రకృతి సేద్యం నేర్పే సుభాష్ పాలేకర్ చెప్పిన లెక్కను తమరి పొట్టకు సరిపడా కుదించాను. పాలు పోసే ఆయనను బతిమాలి పేడ, పంచితం తెప్పించాను. శనగపిండి మా వంటింట్లోదే, అడిగితే ఇవ్వరని అడగలేదు. వాటాలో పెట్టనివ్వలేదు గనుక కింద, మెట్ల చాటు నీడలో గోనెపట్టా కప్పి రెండు రోజులు ఉంచాను. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి కర్రతో తిప్పాను. మా ఇంట్లో బాలింతకు కూడా ఇంత సేవ జరగలేదు.

ఈ ఇంటికి లిఫ్టు లేదు. డాబా దాకా డెబ్బై రెండు మెట్లు. డెబ్బై ఒక్క మెట్టు వరకూ తమరు బాగానే ఉన్నారు.

డెబ్బై రెండో మెట్టు మీద తమరి ఎడమ చెవి టప్పున విరిగింది. కమ్మి నా చేతిలో ఉంది, తమరు లేరు. సగం జీవామృతం డాబా మీదికి, సగం మెట్ల మీదికి పంచిన తీరు చూస్తే అన్నదమ్ముల ఆస్తి పంపకాల్లో తమరికి మంచి అనుభవం ఉన్నట్టుంది. డాబా వాటాకు వచ్చిన సగం, పిన్నిగారు పొద్దున్నే పాత పంచె పరిచి పెట్టుకున్న గుమ్మడి వడియాల కిందికి మెల్లగా, మర్యాదగా చేరింది. రోహిణి కార్తె ఎండకు ఒక పక్క ఎండి, రెండో పక్కకు తిప్పవలసిన వడియాలు. వచ్చే నెల అమెరికా వెళ్లే మనవడి పెట్టెలోకి పోవలసిన వడియాలు.

"మీ వడియాల్లో మినప్పిండి, ఇందులో శనగపిండి. రెండూ పప్పులే కదా పిన్నిగారూ" అన్నాను. ఎందుకు అన్నానో నాకు ఇప్పటికీ తెలియదు. గృహప్రవేశం నాడు ఇల్లంతా పంచితం చల్లించిన మనిషే కదా అన్న ధైర్యం కావచ్చు. ఆవిడ ఏమీ అనలేదు. పంచె నాలుగు కొసలూ కలిపి మూట కట్టి, నా చేతికి ఇచ్చి, "నీ మొక్కలకే వేసుకో అమ్మా" అని దిగి వెళ్లిపోయారు. వడియాల్లో ఉప్పు, పచ్చిమిర్చి ఉంటాయి, మొక్కలకు పనికిరావు అని చెప్పబోయి మానుకున్నాను. నిన్న నేను చేసిన తెలివైన పని అదొక్కటే. ఆవిడ తిట్టి ఉంటే ఈ ఉత్తరం రాసేదాన్ని కాదు.

రోహిణి కార్తెలో రోళ్లే పగులుతాయి, నేనెంత అంటారు తమరు. ఆ సామెత నా దగ్గర వద్దు. తమరి అడుగున మూడు బాణాల త్రికోణంలో 5 అంకె ఉంది. అంటే తమరిది పాలీప్రొపిలీన్ వంశం. ఎండలోని అతినీలలోహిత కిరణాలకు ఆ వంశం లోలోపల తెగిపోయి పెళుసెక్కుతుందని, పైకి మాత్రం ఏమీ ఎరగనట్టు నిలబడి ఉంటుందని నిన్న రాత్రి చదివి తెలుసుకున్నాను. ముందే చెప్పవలసింది ఎవరు? రెండు వేసవులు డాబా మీద కూర్చున్నది తమరు. చెవి దగ్గర తెల్లటి పొడి రాలుతుంటే చూశాను, సున్నం కాబోలు అనుకున్నాను. ఒక్క గీత పడినా, ఒక్కసారి కిర్రుమన్నా నాకు చాలు.

ఇంతకీ తమరు మోయలేకపోయిన బరువెంత? పద్దెనిమిది లీటర్లు. రంగు నీళ్ల కంటే బరువు. 20 లీటర్ల రంగుతో తమరు ఈ ఇంట అడుగుపెట్టిన నాడు పాతిక కిలోల పైమాటే. రంగుల మేస్త్రి దగ్గర పనిచేసే కుర్రాడు ఒంటి చేత్తో, పాట పాడుకుంటూ పైకి తెచ్చాడు. ఆ రోజూ ఇదే చెవి, ఇదే కమ్మి. అంటే కంపెనీ సరుకైతే మోస్తావు, నా సరుకైతే మోయవు. మర్యాద ఇంతటితో సరి, ఇక నువ్వు అనే అంటాను. ఆ మెట్ల గోడకు ఉన్న లేత గంధం రంగు ఎక్కడిది? నీ కడుపులోదే. రెండేళ్ల కిందట మనవరాలి పెళ్లికని పిన్నిగారు వేయించిన ఆ రంగు మీద, నీ సొంత రంగు మీద, నువ్వు పేడనీళ్లు కక్కావు! పై మలుపు నుంచి రెండో అంతస్తు గడప దాకా చారలు. తుడిస్తే పోవడం లేదు. గట్టిగా తుడిచినచోట గంధం పోయింది, చార ఉంది. నీకు కాస్తయినా పేగుబంధం లేదా?

నీ కోసం ఆనాడు మేస్త్రితో ఎంత పోరాడానో మరిచావు. డబ్బాలో వచ్చే బహుమతి టోకెను మేస్త్రిది, ఖాళీ అయిన డబ్బా కూడా మేస్త్రిదే. ఇది రాయని శాసనం. ఇల్లు పిన్నిగారిది, డబ్బు పిన్నిగారిది, డబ్బా మాత్రం ఆయనది. రెండు రోజులు టిఫిన్లు పెట్టి, టీలు పోసి, చివరికి డబ్బాకు వంద చొప్పున ఇచ్చి తొమ్మిదింటిని తెచ్చుకున్నాను. రూపాయి ఖర్చు లేని మిద్దెతోట అని నేను చూసిన వీడియోలో ఈ తొమ్మిది వందల ఊసు లేదు. చిల్లులు పెట్టడానికి గ్యాస్ పొయ్యి మీద ఎర్రగా కాల్చిన స్క్రూడ్రైవర్ ఊసూ లేదు. ఆ స్క్రూడ్రైవర్ మా వారిది. ఆ కమురు వాసన వంటింట్లో మూడు రోజులు ఉంది. ఆ మూడు రోజులూ చారులో పెయింట్ తగిలిందని ఆయన ఇప్పటికీ బంధువులకు చెబుతుంటారు. తరవాత కొబ్బరిపొట్టు ఇటుకలు, వర్మీకంపోస్టు, వేపపిండి, శ్లాబు చెమ్మ పట్టకుండా ఇనుప స్టాండ్లు. అదే డబ్బుతో మట్టికుండీలు కొని ఉంటే ఒళ్లంతా చెమట పోసుకుని వేళ్లను చల్లగా ఉంచేవి. మీ వంశానికి చెమట పట్టదు. సిగ్గు లేనివాళ్లకు పట్టదు కాబోలు.

అందులోనూ నిన్ను ఒక్కదాన్ని ప్రత్యేకంగా చూశాను. డాబా మీది మిగతావాటికి చిల్లులు పొడిచి, నిన్ను మాత్రం నీళ్లు మోయడానికని నిండుగా ఉంచుకున్నాను. మా డాబా మీద చిల్లు లేని డబ్బావి నువ్వు ఒక్కదానివే. అదే నా తప్పు.

నీవి కాని నేరాలు నీ మీద రుద్దను. ఏప్రిల్‌లో పూతంతా రాల్చిన టమాటాతో నీకు సంబంధం లేదు. పగటి వేడి 35 డిగ్రీలు దాటితే దాని పుప్పొడి సరిగా పనిచేయదు. బెజవాడ ఏప్రిల్‌లో అంతకు దిగువన ఉండే మధ్యాహ్నం ఎక్కడిది? అలాగే, పెయింట్ డబ్బాలో కాసిన వంకాయ తినవచ్చా అని మా అత్తగారు అనుమానపడినప్పుడు నేను నీ తరఫునే మాట్లాడాను. ఇళ్ల రంగుల్లో సీసం 90 పీపీఎం, అంటే పది లక్షల పాళ్లలో 90 పాళ్లు, దాటకూడదని 2017 నవంబరు నుంచి నిబంధన ఉందని, ఇది నీళ్లలో కలిసే రంగేనని, నాలుగుసార్లు కడిగానని చెప్పాను. ఆవిడ అంతా విని, "అయితే ముందు నువ్వు తిను" అన్నారు. తిన్నాను. లేత వంకాయ, వెన్నలా ఉంది. అది మీ ఖాతాలోనే రాస్తాను.

మీ మూతల సంగతి వేరు. కుండీల కింద పళ్లేలుగా పెడితే వాటిలో నీళ్లు నిలిచాయి. నిల్వ నీళ్లు పారబోయించే శుక్రవారం డ్రై డే తనిఖీకి వచ్చిన అమ్మాయి తోకలాడిస్తున్న దోమపిల్లలను చూపించి, "ఇవి కూడా పెంచుతున్నారా మేడమ్" అని అడిగింది. థర్మాకోల్ పెట్టెను కాకులు పొడిచి డాబా అంతా మంచు కురిపించాయి. పాత పేపర్ల గుజ్జుతో కొండపల్లి అంబారీ ఏనుగు చేద్దామని కూర్చుంటే, కొండపల్లి వాళ్లు తెల్లపొణికి చెక్కను ఎందుకు వదలరో వానాకాలంలో తెలిసింది. తొండం వాలిపోయింది. పిల్లలు దాన్ని పంది అంటున్నారు.

నిన్ను పూర్తిగా తిట్టనివ్వనిది 2024 సెప్టెంబరు. బుడమేరు వాగు పొంగి సింగ్‌నగర్‌ను ముంచినప్పుడు మా ఆడపడుచు వాళ్లు కట్టుబట్టలతో మేడ ఎక్కారు. నీళ్లు తీశాక కిందికి దిగితే ఫ్రిజ్ వెల్లకిలా పడి ఉంది, బీరువా తలుపు ఉబ్బి తెరుచుకోలేదు. మేము ఇచ్చిన మీ తోబుట్టువు మాత్రం మూత బిగించుకుని బురదలో సోఫా మీద కూర్చుని ఉంది. లోపల పది కిలోల బియ్యం, గింజ తడవలేదు. మొదటి పూట ఆ బియ్యమే వండుకున్నారు. ఆ అన్నం మేమూ తిన్నాం. అందుకే ఈ పొద్దున నిన్ను చెత్తబండికి ఇవ్వలేక స్కూటీ మీద పెట్టుకుని ఆటోనగర్ తీసుకెళ్లాను.

నుజ్జయిన లారీని కూడా మళ్లీ రోడ్డెక్కించే చోటు అది. నీ చెవి అనేసరికి ఇద్దరు నవ్వి పంపించారు. మూడో ఆయన పెద్దమనిషి. నిన్ను తిప్పి చూసి, అంచును గోటితో గీకి, "చెవి పెడితే చెవి ఉంటుంది తల్లీ, డబ్బా ఉండదు" అన్నాడు. తిరిగి వస్తుంటే దారి పొడవునా నువ్వు వెనక సీటు మీద దడదడలాడుతూనే ఉన్నావు. ఇప్పుడు డాబా మూలన నీడలో పెట్టాను. బచ్చలి నాటుతాను. ఎత్తే పని ఉండదు. చిల్లులు మాత్రం తప్పవు, మా వారు స్క్రూడ్రైవర్ ఎక్కడ దాచారో కనుక్కోవాలి.

గోడ విషయం సాయంత్రం తేలింది. రంగూ కూలీ రెండూ నావే. పాత మేస్త్రినే పిలిపించాం. ఆయన చారలన్నీ చూసి నాలుగు లీటర్ల డబ్బా చాలునన్నాడు. పిన్నిగారు సరేనన్నారు. నేను మాత్రం మెట్ల గోడంతా ఒకే తీరుగా ఉండాలంటే మూడు పూతలు పడాలని, ఇరవై లీటర్లది తెమ్మని పట్టుబట్టాను. పిన్నిగారు నిన్నటి నుంచి మొదటిసారి నాతో మాట్లాడారు. "ఎందుకమ్మా అంత?" అన్నారు.

నాలుగు లీటర్ల డబ్బాలో వంగమొక్క ఎక్కడ పెరుగుతుందని ఆవిడకు చెప్పను?

ఇట్లు,
కమ్మి ఇంకా చేతిలోనే ఉన్న
మీ యజమానురాలు

తా.క.: ఖాళీ డబ్బా తనదేనని మేస్త్రి ముందే చెప్పేశాడు. నూట యాభై దాకా వెళ్తాను.