స్టేజ్-2 గారికి ఓ బహిరంగ లేఖ

మహారాజశ్రీ స్టేజ్-2 గారి సముఖమునకు,

అప్పుల్లో రాబోయే నష్టానికి ముందే ప్రొవిజన్ (లాభంలోంచి పక్కనపెట్టే సొమ్ము) చూపమనే అకౌంటింగ్ ప్రమాణం ఇండ్ ఏఎస్ 109. అందులో అప్పులకు మూడు మెట్లు: స్టేజ్-1 బాగున్నవి, స్టేజ్-3 దెబ్బతిన్నవి, మధ్యలో రిస్కు పెరిగినవాటికి మీరు. అక్కడ మీకు పెద్దపీట వేశారు. ఎన్‌బీఎఫ్‌సీల (బ్యాంకులు కాని ఫైనాన్స్ కంపెనీల) లోన్ బుక్కుల్లో మాత్రం మీకు నిలువనీడ లేదు. కారణం లెక్కలోనే ఉంది.

పది లక్షల బాకీ తీసుకుందాం. స్టేజ్-1లో 12 నెలల పీడీ (బాకీ ఎగ్గొట్టే అవకాశం) 2 శాతం, ఎల్‌జీడీ (ఎగ్గొడితే మునిగే వాటా) 50 శాతం అనుకుంటే ప్రొవిజన్ 10,000. మీ గడప తొక్కితే అప్పు మిగిలిన కాలమంతటికీ లెక్కకట్టాలి. ఆ పీడీ 20 శాతమైతే, డిస్కౌంటింగ్ (రేపటి డబ్బును ఇవాళ్టి విలువకు తగ్గించడం) పక్కనపెడితే, లక్ష. బాకీ పైసా పెరగలేదు, లాభంలో 90,000 గల్లంతు. ఇక మిమ్మల్ని ఎవరు పిలుస్తారండీ?

మీరు రావాల్సింది క్రెడిట్ రిస్క్ గణనీయంగా పెరిగినప్పుడు. 30 రోజుల బకాయి అన్నది ఆఖరి హద్దు మాత్రమే. మోడళ్లలో మిగిలింది ఆ హద్దొక్కటే. ఉద్యోగం ఊడనీ, బ్యూరో స్కోరు పడిపోనీ, వేరేచోట అప్పు ఎన్‌పీఏ (మొండిబాకీ) కానీ, 30వ రోజుదాకా అప్పు తీసుకున్నాయన నిక్షేపంగా ఉన్నట్టే.

ఆ 30 దాటినా కంగారేం లేదు. రెండు ఈఎంఐలు ఆగి 56 రోజులైందా? ఏడాది లెక్కలు మూసే మార్చి 31న పాతది ఒక్కటి వసూలు చేస్తే లెక్క 28కి దిగుతుంది. ఎన్‌పీఏ ఖాతా మళ్లీ స్టాండర్డ్ కావాలంటే బకాయి మొత్తం కట్టాల్సిందేనని ఆర్‌బీఐ 2021 నవంబరులో తేల్చేసింది. మీ దగ్గర్నుంచి వెనక్కి వెళ్లడానికి కంపెనీ పాలసీ దయతలిస్తే చాలు.

అదీ కుదరకపోతే టాప్-అప్! కొత్త అప్పిచ్చి పాతది మూసేస్తారు. రిస్కును పోల్చాల్సింది అప్పు పుట్టిననాటితో కదా. అది పుట్టిందే ఇవాళ, పెరగడానికి వ్యవధేదీ? కనిపెట్టినవారికి శాలువా కప్పాలి. (పుట్టుకతోనే దెబ్బతిన్న, అంటే క్రెడిట్-ఇంపెయిర్డ్ అయిన అప్పులూ ఉంటాయని ఆడిటర్ అంటే వెంటనే టీ వస్తుంది.)

మిమ్మల్ని తప్పించుకోలేనివాళ్లు ఎల్‌జీడీ మీద పడతారు. వేలం డబ్బు మూడేళ్లకొచ్చినా ఈఐఆర్‌తో (ఆ అప్పు మీద నిజంగా పడే వడ్డీ రేటుతో) డిస్కౌంట్ చేయరు, కోర్టు ఖర్చులు తీసేయరు. ఈసీఎల్ (ఇలా లెక్కకట్టిన రాబోయే నష్టం) మరీ చిక్కిపోయి ఐఆర్‌ఏసీపీ (ఆర్‌బీఐ సొంత నిబంధనల) ప్రొవిజన్ కన్నా తగ్గితే, తేడాను ఇంపెయిర్‌మెంట్ రిజర్వుకు మళ్లించాలని ఆర్‌బీఐ 2020 మార్చిలోనే చెప్పింది. అది పన్ను తర్వాతి లాభంలోంచి పోతుంది కాబట్టి లాభనష్టాల ఖాతాకు చీమ కుట్టినట్టైనా ఉండదు.

మీ తరఫున ఆడిటర్లకు రెండు కాగితాలు అడగమని చెప్పండి: స్టేజ్-1 నుంచి నేరుగా స్టేజ్-3కి దూకిన ఖాతాల జాబితా, ఏప్రిల్ 15 నాటి డీపీడీ (ఎన్ని రోజుల బకాయో చూపే) రిపోర్టు.

ఇట్లు,
మీరు రాకూడదని మొక్కుకునే
ప్రొవిజనింగ్ విభాగం