బావ ఒక్కసారి నిజం చెబితే

ఇల్లు కట్టాలనుకున్న ప్రతివాడి దగ్గరా చదరపు అడుగుకి ఇంత అని ఒక రేటు ఉంటుంది. ఎవరో చెప్పి ఉంటారు. చెప్పినాయన ఇల్లు కట్టి ఉండడు, కట్టినాయన ఎదురింట్లో అద్దెకుంటాడు. మా బావ దగ్గరా అలాంటి రేటొకటి ఉంది. దాన్ని 1200తో హెచ్చవేసి, వచ్చిన అంకె కింద రెండు గీతలు కొట్టి, ఇక గృహప్రవేశమే తరువాయి అన్నట్టు తిరుగుతున్నాడు. పాత క్యాలెండరు కాగితం వెనక ప్లాను కూడా తనే గీసేశాడు. ఆర్కిటెక్టు చేయాల్సిందల్లా దాన్ని నీటుగా తిరగరాయడమే.

పేచీ అంతా బడ్జెట్ దగ్గర వచ్చింది. ఉన్నదాంట్లో మూడోవంతు దాచి చెప్పాలని బావ సిద్ధాంతం. ఉన్నదంతా చెబితే ఉన్నదంతా ఊడ్చేస్తారట. "మనకు ఇల్లు కట్టిపెట్టే మనిషి దగ్గర కూడా అబద్ధాలేనా! ఉన్నదెంతో ఉన్నట్టు చెప్పండి" అంది అక్క. ఆ రాత్రి చర్చ ఎలా ముగిసిందో నాకు తెలీదు గానీ, తెల్లారేసరికి బావ సత్యహరిశ్చంద్రుడి మొహంతో బయల్దేరాడు. లెక్కలు రాయడానికని నన్నూ తీసుకెళ్లారు. నిజానికి సాక్ష్యానికి.

ఆర్కిటెక్టు మేడమ్ క్యాలెండరు కాగితాన్ని మర్యాదగా రెండు చేతులతో అందుకుంది. కాసేపు చూసి, పెన్సిల్ మొనతో ఒక మూల తాకింది.

"ఇదేంటండీ?"

"మెట్లు" అన్నాడు బావ.

"4 అడుగులే వదిలారు."

"చాలవా?"

"కింది నేల నుంచి పై నేలకి 10 అడుగులు అనుకుందాం. మెట్టు 6 అంగుళాల ఎత్తయితే 20 ఎత్తులు ఎక్కాలి. పాదం ఆనడానికి మెట్టుకి కనీసం 10 అంగుళాలు కావాలి. తిన్నగా వేస్తే దాదాపు 16 అడుగులు పోతుంది. మధ్యలో తిప్పితే పొడవు తగ్గుతుంది, వెడల్పు పెరుగుతుంది." పెన్సిల్ పక్కన పెట్టింది. "ఈ 4 అడుగుల్లో పట్టేది నిచ్చెనండీ."

బావ నా వంక చూశాడు. నేను లెక్క రాసుకుంటున్నట్టు తల వంచుకున్నాను.

తర్వాత గోడల వంతు. బావ ప్లానులో గోడంటే ఒక గీత. 30 అడుగులకి 40 అడుగుల ఇంటికి చుట్టూ 9 అంగుళాల గోడ కడితే, ఆ బయటి గోడలే 100 చదరపు అడుగులకి పైన మింగేస్తాయని మేడమ్ చెప్పింది. నాకు నమ్మకం కలగక అక్కడే వేసి చూశాను. లోపల మిగిలేది 28న్నరకి 38న్నర, అంటే 1097. గదుల మధ్య గోడలు ఇంకా మొదలే కాలేదు. "అంటే గోడలక్కూడా మేమే డబ్బు కట్టాలా?" అన్నాడు బావ. ఈ ప్రశ్న ఆవిడ ఇదివరకు విన్నట్టే ఉంది, నవ్వలేదు.

ఆ చదరపు అడుగు రేటులో ఏముందో, ఏం లేదో అడిగింది. ప్రహరీ, గేటు, నీళ్ల ట్యాంకు, కరెంటు కనెక్షన్, మట్టి పరీక్ష, అనుమతుల ఫీజు, గోడ అల్మరాలు. ఒక్కోదానికీ బావ తల అడ్డంగా ఊపుతూ పోయాడు. చివర్లో ఆవిడ, వీటన్నిటి మీదా ఓ 10 శాతం అనుకోని ఖర్చులకి పక్కన పెట్టుకోమంది.

"ఏం ఖర్చులండీ అవి?"

"అది ముందే తెలిస్తే పద్దులో రాసేవాళ్లం కదండీ."

"దేనికో తెలీని ఖర్చుకి డబ్బు ఎలా పెట్టనండీ?" అని బావ వాదిస్తుండగానే, అక్క ఆ 10 శాతాన్ని వంటింటి అరలకి కేటాయించేసింది. నా చేత రాయించింది కూడా.

అప్పుడొచ్చింది అసలు ప్రశ్న. "మీ బడ్జెట్ ఎంతండీ?" బావ గుటక వేశాడు. అక్క వైపు చూశాడు. ఉన్నది ఉన్నట్టు, చిల్లరతో సహా చెప్పేశాడు. మేడమ్ చిన్నగా నవ్వి పుస్తకంలో ఏదో రాసుకుంది. ఆ నవ్వు నాకెందుకో నచ్చలేదు.

ప్లాను వచ్చింది. అబ్బ, ఏం ఇల్లది! గాలీ వెలుతురూ, రెండు వైపులా బాల్కనీ, బావకో ఆఫీసు గది, మనుషులు ఎక్కగలిగే మెట్లు. అక్క కళ్లు తుడుచుకుంది. బావ కాగితం తిప్పాడు. వెనక పేజీలో అంచనా. మేము చెప్పినదానికి సరిగ్గా ఒకటిన్నర రెట్లు.

"మేడమ్, మేము చెప్పింది..."

"గుర్తుందండీ. మా దగ్గరికొచ్చే వాళ్లంతా మూడోవంతు దాచే చెబుతారు. అందుకని మీరు చెప్పినదానికి సగం కలిపి గీశాను."

బావ నోట మాట రాలేదు. పెళ్లయిన ఇన్నేళ్లలో అక్క మాట విని ఆయన చెప్పిన మొదటి పూర్తి నిజం అది.

ఇక కోతలు. టైల్స్ రకం తగ్గిద్దామన్నాడు బావ. దాంతో మిగిలేది అంతంతమాత్రమే, తగ్గించాల్సింది విస్తీర్ణం అంది మేడమ్. అక్క క్షణం ఆలస్యం చేయకుండా బావ ఆఫీసు గది కొట్టేసింది. బావ బాల్కనీ ఒకటి కొట్టేశాడు. అక్క రెండోది అరచేత్తో మూసి పట్టుకుంది. మేడమ్ వీళ్లిద్దరి మధ్యలోంచి పెన్సిల్ దూర్చి, బయటి గోడకున్న వంకర్లు తీసి నలుచదరం చేసింది. వంకర తిరిగిన ప్రతిచోటా గోడ పెరుగుతుంది, పనీ పెరుగుతుంది. పై బాత్రూము కింది బాత్రూము నెత్తిన వచ్చేలా జరిపింది, పైపులు ఒకే దారిన దిగుతాయని. పై అంతస్తులో ఒక గది తర్వాతెప్పుడైనా వేసుకోవచ్చు గానీ, దాని బరువు మోసే పునాది మాత్రం ఇప్పుడే వేయాలంది. లేని గదికి పునాదేమిటని బావ మళ్లీ మొదలెట్టాడు. ఆ వాదన నేను రాసుకోలేదు.

ఇంత చేసినా కొంచెం ఎక్కువే తేలింది. మిగిలిన బాల్కనీ మీదికి పెన్సిల్ వెళ్తుంటే అక్క గొంతు సవరించుకుంది.

"నా దగ్గర కొంత ఉంది లెండి."

బావ కుర్చీలోనే వెనక్కి తిరిగాడు. "నీ దగ్గరా? ఎప్పట్నుంచి?"

అక్క ఆయనకి జవాబు చెప్పలేదు. మేడమ్‌కి అంకె చెప్పింది. ఆవిడ దాన్ని పుస్తకంలో రాసుకుని, తలెత్తి అక్క మొహంలోకి ఒక్క క్షణం చూసి, దాని పక్కన ఇంకో అంకె వేసి చుట్టూ సున్నా చుట్టింది. నా కుర్చీలోంచి సరిగ్గా కనిపించలేదు గానీ, సగం కలిపినట్టే ఉంది.

అక్క ఈసారి కాదనలేదు.