సవరణ: రాతిజెల్లకు అంటుకునే తోలు మడతలు లేవు

సిరొంచ దగ్గర ప్రాణహితలో దొరికే రాతిజెల్ల చేప (బగారియస్ యారెల్లి) గురించి పోయిన వారం రాసినదాంట్లో రెండు తప్పులు దొర్లాయి. ఛాతీ కింద అంటుకునే తోలు మడతలతో రాళ్లను పట్టుకుంటుందన్నాను. అది దాని చుట్టాల్లో కొన్ని చిన్న కొండవాగు జెల్లల సంగతి. రాతిజెల్ల చేరిన బగారియస్ జాతికి ఆ ఏర్పాటే లేదు. చదునైన పొట్ట, వెడల్పాటి తల, అటూ ఇటూ చాపిన గట్టి రెక్కలు, వీటితోనే వడిలో అడుగుకు ఆనుకుని ఉంటుంది.

రెండోది, 'వాలుగలా నున్నటి చర్మం' అనడం. మా పెద్దనాయిన చదివి, "ఎన్నడన్న చేత్తో ముట్టినవారా?" అన్నాడు. నిజమే, పొలుసు లేకున్నా తోలంతా గరుకు, ఉప్పుకాగితమే. వాలుగ నిదానపు నీళ్లలోనూ బతుకుతుంది. దీనికి రాళ్లు, పారే నీళ్లు కావాలి. కాళేశ్వరం సంగమం దిగువన మేడిగడ్డ బ్యారేజీ 2019లో మొదలయ్యాక నీళ్లు నిలిచిన మేరలో దీన్ని వెతకమన్న నా సలహా కూడా వెనక్కి తీసుకుంటున్నాను.

శాస్త్రీయనామంలోని యారెల్లి మాత్రం సరిగ్గానే రాశాను. జీవశాస్త్రజ్ఞుడు సైక్స్ 1839లో పెట్టిన పేరది, పుణె దగ్గరి నదిలో దొరికిన చేపను చూసి.