సవరణ: ‘నో దుదారియా’ రొసారియో రాసిన పాట కాదు

స్పెయిన్ పాప్ గాయని రొసారియో ఫ్లోరెస్ గురించి మొన్న పెట్టిన పోస్టులో ‘నో దుదారియా’ ఆమె సొంత పాట అన్నాను. అది తప్పు. ఆ పాట కట్టి, 1980లో మొదట పాడింది ఆమె అన్న ఆంటోనియో. ఆల్బమ్ వివరాల్లో రచయితగా ఆయన పేరే ఉంది, నేను చూసుకోకుండా రాసేశాను.

ఈ తేడా చిన్నది కాదు. 1995 మే 16న వాళ్ల తల్లి, గాయని లోలా ఫ్లోరెస్ కన్నుమూసింది. సరిగ్గా రెండు వారాలకు, మే 30న, ఆంటోనియో కూడా పోయాడు. అప్పటికి 33 ఏళ్లే. హింస వద్దు, మళ్లీ నవ్వాలి అని అన్న రాసుకున్న మాటల్ని తర్వాత చెల్లెలు పాడుతుంటే గుండె బరువెక్కుతుంది.

రొసారియో 1992 నాటి ‘దె లే’ ఆల్బమ్, ఆమెకు 2002లో వచ్చిన లాటిన్ గ్రామీ సంగీత అవార్డు గురించి ఆ పోస్టులో రాసినవి సరైనవే.