భూమిని కాపాడి సాయంత్రానికి ఇల్లు చేరాం

భూగోళం వేడెక్కుతోందన్న సంగతి నాకు చాలాకాలంగా తెలుసు గానీ, దాన్ని చల్లబరిచే పనిని ఒక్క సెలవు రోజులో, కుటుంబ సమేతంగా, భోజన విరామంతో సహా ముగించుకుని రావచ్చునని మాత్రం మొన్నటిదాకా తెలియదు. పర్యావరణ స్పృహతో నిర్మించామని చెప్పుకునే ఒక వినోద పార్కు ప్రకటన చూశాకే ఆ జ్ఞానోదయమైంది. అయిదుగురు కలిసి వస్తే రాయితీ కూడా ఉందనేసరికి నేను, మా ఆవిడ, పిల్లలిద్దరు, మా అమ్మ కలిసి పుడమి తల్లి రుణం తీర్చుకోవడానికి పొద్దున్నే కారెక్కాం. రానూ పోనూ ఇరవై లీటర్ల పెట్రోలు పట్టే దూరం. లీటరు పెట్రోలు బరువు ముప్పాతిక కిలో ఉంటుంది. అది మండేటప్పుడు గాలిలోని ఆక్సిజన్ కూడా వచ్చి చేరుతుంది కనుక సుమారు 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్ అవుతుంది. ఆ లెక్కన మా రుణ విముక్తికి 46 కిలోల కొత్త రుణం చేయవలసి వచ్చింది. పుణ్యకార్యానికి అప్పు చేయడం తప్పు కాదని పెద్దలు ఎక్కడో చెప్పే ఉంటారు.

కాగితం ఆదా చేయాలన్న సదుద్దేశంతో ఆ పార్కువారు టిక్కెట్లు ఫోనుకే పంపుతారు. ద్వారం దగ్గర ఆ ఫోను చూపించగానే తలా ఒక ఆకుపచ్చ పట్టీ మణికట్టుకు చుట్టారు. చూడటానికి కాగితంలాగే ఉన్న ఆ పట్టీ ఎంత లాగినా చినగలేదు, తడిసినా నానలేదు. అలాంటి పట్టీలు సాధారణంగా పాలిథిన్ పోగులతో తయారవుతాయి. చెట్టును నరకకుండా కాపాడిన పట్టీ కనుక అది మా మనవల మనవల కాలం దాకా చెక్కుచెదరకుండా ఉండి, వారి తాతలు ప్రకృతిని ఎంతగా ప్రేమించారో సాక్ష్యం చెబుతుంది.

చిక్కంతా మా అమ్మ సీసాతో వచ్చింది. నా చిన్నప్పుడు కొన్న స్టీలు సీసా అది. మూత దగ్గర సొట్ట పడింది, అడుగున చెక్కించిన ఇంటిపేరు సగం అరిగిపోయింది. గేటు దగ్గరి కుర్రవాడు దాన్ని సంచిలోంచి పైకి తీసి, దొరికిన దొంగను చూసినట్టు చూశాడు.

"బయటి సీసాలు లోపలికి తేకూడదమ్మా. లోపల ఎకో బాటిల్ దొరుకుతుంది."

"ఇందులో ఉన్నవి నీళ్లే బాబూ."

"నీళ్లయితే ఏంటమ్మా, సీసా మాది కాదు కదా."

ఈ జవాబులోని తాత్విక లోతును మా అమ్మ అందుకోలేకపోయింది. ముప్పై ఏళ్లుగా ఒకే సీసాతో నీళ్లు తాగుతున్న మనిషి ఈ ముప్పై ఏళ్లలో పర్యావరణహితమైన సీసాను ఒక్కటంటే ఒక్కటైనా కొనలేదు. ఇంతటి నిర్లక్ష్యాన్ని ఏ సంస్థ మాత్రం ఎలా సహిస్తుంది? సీసాకు ప్లాస్టిక్ బిళ్ల కట్టి, నంబరు వేసి, అటక మీద పెట్టారు. లోపల మేం అయిదు ఎకో బాటిళ్లు కొన్నాం. మొక్కజొన్న పిండి నుంచి తీసిన ప్లాస్టిక్ అనీ, మట్టిలో కలిసిపోతుందనీ వాటి మీద రాసి ఉంది. అబద్ధమేమీ కాదు. అరవై డిగ్రీల వేడిలో నడిచే పారిశ్రామిక కంపోస్టు కేంద్రానికి పంపితే అది కొద్ది నెలల్లో కలిసిపోతుంది. పెరటి మట్టిలోనో మురుగు కాలువలోనో పడితే మాత్రం మామూలు ప్లాస్టిక్‌లాగే ఏళ్ల తరబడి మొండికేస్తుంది. ఆ కేంద్రం ఎక్కడుందో సీసా మీద రాయలేదు. చోటు చాలక అయి ఉంటుంది. ఆకుపచ్చ ఆకు బొమ్మే చాలా పెద్దదిగా వేశారు.

ఇక ఆ పార్కులో నేను అత్యధిక సమయం గడిపినది ఏ ఊయల మీదో, ఏ జలపాతం కిందో కాదు, చెత్తబుట్టల ముందు. అయిదు రంగుల్లో అయిదు బుట్టలు, అయిదింటి మీదా అయిదు రకాల హితబోధలు. మా చిన్నవాడు పళ్లరసం తాగేసిన కప్పు పట్టుకుని వాటి ముందు నిలబడ్డాడు. కప్పు కాగితపుది, కానీ రసం కారిపోకుండా దాని లోపల సన్నని పాలిథిన్ పొర ఉంటుంది. మూత ప్లాస్టిక్‌ది, దాని మీద మూడు బాణాల త్రికోణంలో ఒక అంకె ఉంది. పుల్ల చెక్కది. అడుగున ఇంకా గుక్కెడు రసం మిగిలి ఉంది. వాడు కాగితం బుట్ట వైపు ఒకడుగు వేసి ఆగాడు, ప్లాస్టిక్ బుట్ట వైపు చెయ్యి చాచి వెనక్కి తీసుకున్నాడు, తడిచెత్త బుట్టలోకి తొంగి చూశాడు, చివరికి తన జీవితాన్నంతా నా చేతిలో పెడుతున్నట్టు ఆ కప్పును నాకిచ్చాడు. నేను చదువుకున్నవాణ్ని కనుక త్రికోణాన్ని పరిశీలించాను. ఆ మూడు బాణాల గుర్తును 1970లో గ్యారీ ఆండర్సన్ అనే అమెరికా విద్యార్థి ఒక పోటీ కోసం గీశాడు. 1988లో ప్లాస్టిక్ పరిశ్రమ అలాంటి బాణాల త్రికోణంలోనే ఒకటి నుంచి ఏడు దాకా అంకెలు వేయడం మొదలుపెట్టింది. ఆ అంకె అది ఏ జాతి ప్లాస్టిక్కో చెబుతుందే తప్ప, తిరిగి వాడకానికి వస్తుందో రాదో చెప్పదు. అంటే కులగోత్రాలు తెలుస్తాయి, మోక్షం సంగతి తెలియదు. నా వెనక అప్పటికే పదిమంది కప్పులు పట్టుకుని వరుసలో నిలబడ్డారు. వాళ్లలో ఒకాయన దాన్ని ఏదో ఆటకు క్యూ అనుకుని నిలబడ్డానని ఆ తరువాత ఒప్పుకున్నాడు.

మమ్మల్ని ఆ ధర్మసంకటం నుంచి గట్టెక్కించింది బుట్టలు ఖాళీ చేసే ఆమె. నా చేతిలోంచి కప్పు తీసుకుని, మూత ఊడదీసి, రసం గట్టు పక్కన ఒంపి, పుల్ల విడిగా వేసి, కప్పును అప్పటికే ఒకదానిలో ఒకటి దోపి ఉన్న కప్పుల దొంతరలో పెట్టింది. మొత్తం మూడు క్షణాల పని. "మీరెక్కడేసినా వెనక మళ్లీ మేమే ఏరుతామండి," అంది. పార్కు మొత్తం మీద పర్యావరణం గురించి నాకు తెలియని విషయం చెప్పిన మనిషి ఆవిడ ఒక్కతే. ఆవిడ పేరుతో ఎక్కడా బోర్డు కనిపించలేదు. నెదర్లాండ్స్‌లోని ఎఫ్టెలింగ్ పార్కులో 1959 నుంచీ ఒక తిండిపోతు బొమ్మ నోరు తెరుచుకుని కాగితం ఇటు తెమ్మని కేకలు పెడుతుంటే, పిల్లలు దాని నోట్లో వేయడానికి చెత్త కోసం నేలంతా వెతుకుతారట. అక్కడ ఒకే నోరు, దానికి మాటలొచ్చు. మా పార్కులో అయిదు నోళ్లున్నాయి, మాట మాత్రం ఆ ఏరే మనిషికే వచ్చు.

తరువాత శక్తి మందిరం చూశాం. అక్కడ వరుసగా సైకిళ్లు బిగించి ఉంటాయి. తొక్కితే కరెంటు పుడుతుంది, బల్బు వెలుగుతుంది. తొక్కేవారికి చెమట పట్టకూడదని ఆ మందిరానికి ఏసీ పెట్టారు. మామూలు మనిషి నిలకడగా తొక్కితే సుమారు వంద వాట్లు పుట్టించగలడు. ఇళ్లలో వాడే ఒకటిన్నర టన్నుల ఏసీ సుమారు ఒకటిన్నర కిలోవాట్లు తాగుతుంది, కనుక ఒక్క ఏసీని నడపడానికి పదిహేనుమంది తొక్కాలి. ఇక్కడే ప్రకృతి చమత్కారం ఉంది. మన ఒంట్లో ఖర్చయ్యే శక్తిలో దాదాపు నాలుగో వంతే పెడలు దాకా వస్తుంది, మిగిలిన మూడు వంతులూ వేడిగా బయటికి పోతాయి. పదిహేనుమంది కలిసి అలా వెదజల్లే వేడి నాలుగున్నర కిలోవాట్ల పైమాటే. ఒకటిన్నర టన్నుల ఏసీ తోడిపోయగల వేడి అయిదు కిలోవాట్ల చిల్లర. అంటే పదిహేనుమంది ఊపిరి బిగబట్టి తొక్కితే, వాళ్లు తొక్కడం వల్ల పుట్టిన వేడిని తీసేయడానికి సరిగ్గా సరిపోతుంది. ఇంతటి స్వయం సమృద్ధ వ్యవస్థను నేను ప్రభుత్వ కార్యాలయాల్లో తప్ప మరెక్కడా చూడలేదు.

పక్కనే పార్కుకు తలమానికమైన రోలర్ కోస్టర్ ఉంది. వేల్స్‌లోని గ్రీన్‌వుడ్ అనే పార్కులో 2004లో గ్రీన్ డ్రాగన్ అని ఒకటి కట్టారు. జనం కాళ్లతో గుట్టెక్కి ఒక పెట్టెలో కూర్చుంటే, వాళ్ల బరువుకు ఆ పెట్టె కిందికి దిగుతూ కోస్టర్ బండిని పైకి లాగుతుంది. మా పార్కువారు అంత నాటు పద్ధతికి దిగలేదు. మోటారు పెట్టి, కోస్టర్‌కు ఆకుపచ్చ రంగు వేశారు.

హిమానీ నదాల గుహ మా పిల్లలకు బాగా నచ్చింది. బయట ఎండ మండిపోతుంటే లోపల నిజమైన మంచు గోడలు, వాటి మధ్య మంచు కరిగిపోతోందని బాధపడే గంభీరమైన గొంతు. కోట్లు అద్దెకిస్తారు. మా పెద్దది గోడను తాకి, "ఇది ఎందుకు కరగట్లేదు?" అని అడిగింది. "వెనక మెషీన్లున్నాయమ్మా," అన్నాడు గైడు. ప్రపంచ శాస్త్రవేత్తలు ఇన్నేళ్లుగా తలలు పట్టుకుంటున్న సమస్యకు ఇంత సులువైన పరిష్కారం ఉందని తెలిసి నా మనసు కుదుటపడింది.

చేతులు కడుక్కునే చోట కాగితం రుమాళ్లు లేవు. అడవిని కాపాడినందుకు మాకు కృతజ్ఞతలు చెబుతూ ఒక పలక మాత్రం ఉంది. హోటళ్లు తువ్వాళ్ల ఉతుకు ఖర్చు మిగుల్చుకుని దానికి భూరక్షణ అని పేరు పెడుతున్నాయని గిట్టక జే వెస్టర్‌వెల్డ్ అనే అమెరికా పర్యావరణవాది 1986లో దాన్ని గ్రీన్‌వాషింగ్, అంటే పైపైన ఆకుపచ్చ పూత పూయడం, అన్నాడు. నావంటి కృతజ్ఞుడికి అలాంటి కుశ్శంకలు రావు. ప్యాంటుకు తుడుచుకుని బయటికొచ్చాను.

అక్కడి నుంచి పాదముద్ర యంత్రం దగ్గరికి వెళ్లాం. దాని మీద నిలబడి పన్నెండు ప్రశ్నలకు జవాబు చెబితే మన కర్బన పాదముద్ర, అంటే మన వల్ల గాలిలో చేరే కార్బన్ డయాక్సైడ్ లెక్క, ఎంతో తేలుస్తుంది. ఎవరి పాదముద్ర వారే కొలుచుకోవాలన్న ఈ ఆలోచనకు 2000ల తొలి సంవత్సరాల్లో భారీగా ప్రకటనలిచ్చి ప్రచారం చేసింది బీపీ అనే చమురు కంపెనీ. ఎవరి తప్పు వారే ఒప్పుకోవాలన్న ఉదాత్త భావన చమురు అమ్మేవారి నుంచి రావడం విశేషమే. యంత్రం నన్ను ఎకో బ్యాగు కొన్నావా అంది, కొన్నానన్నాను. బ్యాంబూ బ్రష్షు వాడుతున్నావా అంది, నాలుగున్నాయన్నాను. పర్యావరణహిత ఉత్పత్తులు నెలకెన్ని కొంటావంది, గర్వంగా చెప్పాను. మూడు ఆకుపచ్చ ఆకులు వెలిగాయి. తరువాత మా అమ్మ ఎక్కింది. జీవితంలో విమానం ఎక్కని మనిషి, పాత బట్టలతో సంచులు కుట్టుకునే మనిషి, గదిలోంచి బయటికి వస్తే ఫ్యాను ఆపకుండా రాలేని మనిషి. యంత్రం ఆ సంగతులేవీ అడగలేదు. ఎకో బ్యాగు కొన్నారా అంటే లేదంది, బ్రష్షు కొన్నారా అంటే లేదంది, అసలేమైనా కొన్నారా అన్న ధోరణిలోకి దిగేసరికి విసుగొచ్చి దిగిపోయింది. ఒక్క ఆకు వెలిగింది. "మీరింకా మెరుగుపడవచ్చు" అని తెర మీద వచ్చింది. పిల్లలు నానమ్మను జాలిగా చూశారు.

బయటికి వచ్చే దారిలో పాప పరిహార కేంద్రం ఉంది. మన పేరున ఒక మొక్క నాటి, సర్టిఫికెట్ ఇస్తారు. అది చెడిపోకుండా ప్లాస్టిక్ పొర కూడా వేస్తారు. ఎదిగిన చెట్టు ఏడాదికి ఇరవై కిలోల చొప్పున కార్బన్ డయాక్సైడ్ పీల్చుకుంటుందనుకుంటే, మేమొచ్చిన కారు లెక్క తీరడానికే దానికి రెండేళ్ల పైన పడుతుంది; అదీ ముందు అది ఎదిగితే.

"మొక్కకు నీళ్లెవరు పోస్తారమ్మా?" అని అడిగింది మా అమ్మ.

"మేమే పోస్తామండి. ఎలా ఉందో మీరు ఎప్పుడైనా వచ్చి చూసుకోవచ్చు," అంది కౌంటరు దగ్గరి అమ్మాయి. నెలకొకసారి రావాలని పిల్లలు అక్కడికక్కడే తీర్మానించారు. ప్రతి రాకకూ ఆ మొక్క రెండేళ్ల చాకిరీ బాకీ పడుతుంది. పుట్టకముందే అప్పుల్లో కూరుకుపోయిన మొక్క అది.

గేటు దగ్గర నంబరు చూపించి అమ్మ తన సీసా తీసుకుంది. పొద్దుటి నీళ్లు వేడెక్కి ఉన్నాయి. పారబోయడానికి మనసొప్పక, కారు మీదికి నీడ పరిచి ఉన్న పెద్ద చెట్టు మొదట్లో పోసింది. మా చిన్నవాడు ఆ చెట్టు చుట్టూ రెండుసార్లు తిరిగి, "ఇది ఎవరి పేరు మీద ఉంది? బోర్డు లేదే?" అన్నాడు.

"అది పార్కు రాకముందు నుంచీ ఉంది బాబూ, దానికి బోర్డుండదు," అన్నాడు సెక్యూరిటీ ఆయన. "వచ్చే నెల పార్కింగు పెంచుతున్నారు, అందులో పోతుంది."

సర్టిఫికెట్టు వంగకుండా వెనక సీటు మీద నిటారుగా నిలబెట్టి, ఎండకు కారు కాగిపోయి ఉండటంతో ఏసీ పూర్తిగా పెంచుకుని బయలుదేరాం.