ఓర్పు పాఠాలు చాలు, పగ్గాలు వాళ్ల చేతికివ్వండి

పరీక్షలు దగ్గర పడగానే విశ్వవిద్యాలయాలకు విద్యార్థుల మానసిక ఆరోగ్యం గుర్తుకొస్తుంది. ఎవరో నిపుణుణ్ని పిలిపించి, టెన్షన్‌ను ఎలా తట్టుకోవాలో గంటసేపు చెప్పిస్తారు. మర్నాటి నుంచి అదే విద్యార్థి మూడు అసైన్‌మెంట్లు, ఒక ప్రాజెక్టు, ఒక ఇంటర్నల్ పరీక్ష ఒకే వారంలో ముగించాలి. ఆ వారాన్ని అలా పేర్చింది ఎవరు? ఈ ప్రశ్న అడగనంత వరకు తట్టుకునే శక్తి గురించి ఎన్ని ఉపన్యాసాలిచ్చినా దండగే.

సమస్య ఏ కొందరిదో కాదు. ఎనిమిది దేశాల్లోని 19 విశ్వవిద్యాలయాల్లో మొదటి ఏడాది విద్యార్థులపై చేసిన సర్వే 2018లో వెలువడింది. దాదాపు 14 వేల మందిలో 35 శాతం మందిలో ఎప్పుడో ఒకప్పుడు ఏదో ఒక మానసిక రుగ్మత లక్షణాలు కనిపించాయి. ముగ్గురిలో ఒకరు కుంగిపోతుంటే, దాన్ని వాళ్ల మనసు బలహీనత అని ఎలా అంటాం?

నన్ను బాగా కదిలించిన ఆధారం చదువుల నుంచి కాదు, ఉద్యోగాల నుంచి వచ్చింది. 1979లో రాబర్ట్ కరాసెక్ అనే పరిశోధకుడు అమెరికా, స్వీడన్ ఉద్యోగుల వివరాలను పరిశీలించారు. పని భారం ఒక్కటే మనిషిని కుంగదీయడం లేదని ఆయన చూపించారు. భారం ఎక్కువై, ఆ పని ఎలా చేయాలో నిర్ణయించే స్వేచ్ఛ తక్కువైన చోటే మనసు నలిగిపోతోంది. అదే భారం, చేతిలో పగ్గాలున్న మనిషికి ఎదిగే అవకాశమవుతుంది. ఇప్పుడు విద్యార్థిని చూడండి. గడువు అతను పెట్టింది కాదు. మార్కుల లెక్క అతనికి తెలియదు. పేపరు దిద్దినవాళ్లు ఎక్కడ తప్పాడో చెప్పరు. ఒక్క రోజు జ్వరం వస్తే ఏడాది పోతుంది. భారం మొత్తం అతనిది, నిర్ణయం మాత్రం ఒక్కటీ అతనిది కాదు.

తట్టుకునే శక్తి లోపలి నుంచే పుడుతుందన్న నమ్మకం కూడా సరికాదు. 1955లో హవాయిలోని కవాయి ద్వీపంలో పుట్టిన 698 మంది పిల్లలను మనస్తత్వ శాస్త్రవేత్త ఎమీ వెర్నర్ బృందం దశాబ్దాల పాటు గమనించింది. తీవ్రమైన కష్టాల మధ్య పెరిగిన పిల్లల్లో సుమారు మూడోవంతు మంది నిలదొక్కుకున్నారు. వాళ్లలో తరచూ కనిపించిన విషయం, నమ్మకంగా పట్టించుకునే పెద్దవాళ్లు కనీసం ఒకరైనా తోడుండటం.

బయటి ప్రపంచం ఇంకా కఠినంగా ఉంటుంది, ఇప్పుడే అలవాటు పడనివ్వండి అంటారు కొందరు. కౌన్సెలింగ్ ఎంతోమందిని నిలబెడుతుందన్నది నిజం, దాన్ని ఎవరూ తీసేయమనడం లేదు. కానీ బయటి ప్రపంచం చేస్తున్న తప్పును తరగతి గదిలో ముందే నేర్పించడం శిక్షణ ఎలా అవుతుంది? ఉద్యోగుల బర్నౌట్‌ను, అంటే పనితో పూర్తిగా అలసి విసిగిపోయే స్థితిని, ప్రపంచ ఆరోగ్య సంస్థే 2019లో సరిగా నిర్వహించని పనిచోటి ఒత్తిడి ఫలితంగా వివరించింది. అయినా ఆఫీసులు సిబ్బందికి ధ్యానం నేర్పిస్తున్నాయి, పని గంటల జోలికి వెళ్లడం లేదు. సంస్థ చేసిన గాయానికి మందు మనిషే వెతుక్కోవాలన్న ఈ అలవాటు కాలేజీలోనే మొదలవుతోంది.

సెమిస్టరుకు ముందు ఒక విభాగంలోని అధ్యాపకులంతా ఒక్క మధ్యాహ్నం కూర్చుని గడువు తేదీలన్నీ ఒకే కాగితంపై రాసుకోవచ్చు. విద్యార్థుల ప్రతినిధులను ఆ బల్ల దగ్గరే కూర్చోబెట్టవచ్చు. దీనికి బడ్జెట్ అక్కర్లేదు, వచ్చే సెమిస్టరుకే చేయవచ్చు.